లీ రనాల్డో: గిటారు, గీత, వ్రాత

సభలో మైకునకు లౌడ్‌స్పీకరు మరీ చేరువయైనచో ఒక భయంకరమైన కూత పుట్టును. ఆ కూత విననివారు మన దేశమున ఉండరు. పెండ్లిపందిరిలో గాని, ఎన్నికల సభలో గాని, హరికథా కాలక్షేపములో గాని అది వినబడినంతనే జనులు చెవులు మూసికొందురు. మైకువాడు పరుగున వచ్చి ఏదో మర త్రిప్పి దాని నోరు మూయించును. రేడియో ఉద్యోగులమైన మాకు ఆ కూత మరింత బద్ధవిరోధి. కూత, గరగర, చిటపట, విద్యుత్తు తీగల హోరు — వీనిని వెదకి తరిమివేయుటయే మా పనిలో సగము. స్వచ్ఛమైన మాటను, స్వచ్ఛమైన స్వరమును శ్రోత యింటికి చేర్చితిమా, ఆనాటి జీతమునకు అర్హులమైతిమని మా లెక్క.

అట్టి మేము, ఆ కూతనే పిలిచి పీట వేసి కూర్చుండబెట్టిన ఒక వాద్యకారుని గూర్చి నేడు ముచ్చటింపబూనినాము. ఆయన పేరు లీ రనాల్డో. అమెరికా దేశీయుడు. న్యూయార్కు నగరమున 1981లో పుట్టి 2011 వరకు ముప్పది సంవత్సరములు నడచిన 'సోనిక్ యూత్' అను రాక్ సంగీతబృందమున గిటారు వాదకుడు. గిటారుతో ఆగక ఆయన బొమ్మలు గీసెను, ముద్రణచిత్రములు చేసెను, కవిత్వము వ్రాసెను, దినచర్యలు ప్రకటించెను. ఒకే మనిషి ఇన్నింట చేయి పెట్టినచో "రెండు పడవల మీద కాళ్ళు" అని మనవారు హెచ్చరింతురు. ఆ హెచ్చరిక ఈయన విషయమున ఎంతవరకు చెల్లునో చూడవలెనని మాకు తోచినది.

రనాల్డో 1956లో, న్యూయార్కు నగరమునకు చేరువనున్న లాంగ్ ఐలండ్ ద్వీపమున గ్లెన్ కోవ్ అను పట్టణమున జన్మించెను. బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయమున ఆయన అభ్యసించినది సంగీతము గాదు, చిత్రకళ, అందును ముద్రణచిత్రకళ. ఈ విద్యను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. రాగిరేకుపై ఉక్కుసూదితో గాట్లు పెట్టి, ఆ గాట్లలో సిరా నింపి, పైసిరాను గుడ్డతో తుడిచివేసి, తడిపిన కాగితమును దానిపై పరచి యంత్రమున నొక్కినచో గాటులోని సిరా కాగితమునకు ఎక్కును. కుంచెతో గీయువానికి తన గీత అప్పటికప్పుడే కంటియెదుట నిలుచును. ఈ విద్యలోనో, చేయి గీసినది ఒకటి, కాగితముపై తేలునది వేరొకటి. కుడి ఎడమ యగును, లోతు నలుపగును, తుడువగా మిగిలిన మరక ఒక్కొక్కప్పుడు గీతకంటె అందమగును. కావున ఈ కళాకారునకు ముందు రేకును సిద్ధపరచుట, పిదప అది యిచ్చినదానిని స్వీకరించుట అను రెండు ఓపికలు అలవడును. గిటారు చేతబట్టినప్పుడును రనాల్డోకు ఈ రెండు ఓపికలే పెట్టుబడి యైనవని మా అభిప్రాయము.

1970ల చివర ఆయన న్యూయార్కు చేరునాటికి ఆ నగరపు దక్షిణభాగమున అద్దెలు తక్కువ. పాడుపడిన గిడ్డంగులలో చిత్రకారులు, నాటకములవారు, వాద్యకారులు ప్రక్కప్రక్కనే కాపురముండిరి. చిత్రప్రదర్శనశాలలలోనే కచేరీలు జరుగుచుండెను. 1981 జూన్ నెలలో 'వైట్ కాలమ్స్' అను ప్రదర్శనశాలలో ఒక సంగీతోత్సవము జరిగెను. దాని పేరు 'నాయిస్ ఫెస్ట్', అనగా రొదల పండుగ. దానిని ఏర్పాటు చేసిన థర్స్‌టన్ మూర్, లాస్ ఏంజలీసులో చిత్రకళ చదివి వచ్చిన కిమ్ గార్డన్, మన రనాల్డో — వీరు మువ్వురు సోనిక్ యూత్ బృందమునకు మూలస్తంభములైరి. మృదంగము వంటి లయభారమును 1985నుండి స్టీవ్ షెల్లీ వహించెను.

ఆ రోజులలోనే రనాల్డో గ్లెన్ బ్రాంకా అను స్వరకర్త బృందమునను వాయించెను. 1981లో వెలువడిన బ్రాంకా రికార్డు 'ది అసెన్షన్'లో ఆయన గిటారు కలదు. నాటకరంగమునుండి సంగీతమునకు వచ్చిన బ్రాంకా, గిటారు తీగలనన్నింటిని ఒకే స్వరమునకో, దాని స్థాయిభేదములకో శ్రుతి చేయించి, అట్టి గిటారులను పెక్కింటిని ఒక్కుమ్మడి మ్రోగించెడివాడు. అప్పుడేమగునో తంబురా ఎరిగిన శ్రోతలకు విస్తరించి చెప్పనక్కరలేదు. తంబురాలో మనము మీటునది షడ్జ పంచమములే. శ్రుతి చక్కగా కుదిరినచో, ఎవరును మీటని గాంధారము తనంతట తాను పలుకును. దానినే మనవారు స్వయంభూస్వరమనిరి. బ్రాంకా చేసినది ఆ స్వయంభూస్వరములను వీధి దద్దరిల్లు ధ్వనితో పిలుచుట. మన తంబురా ఆ పనిని మెత్తగా చేయును; అది వేరు విషయము.

సామాన్యముగ గిటారునకు ఆరు తీగలు. ఒక తీగకును తరువాతి తీగకును మధ్య, మన లెక్కలో, షడ్జమునుండి శుద్ధమధ్యమమునకు గల దూరముండును. ఒక్కచోట మాత్రము షడ్జమునుండి అంతరగాంధారమునకు గల దూరము. గిటారు నేర్పు పుస్తకములు దాదాపు అన్నియు ఈ శ్రుతినే ఆధారము చేసికొన్నవి. వ్రేళ్ళు ఇచ్చట నుంచినచో ఈ స్వరములు, అచ్చట నుంచినచో ఆ స్వరములు అని దారి ముందే చదును చేయబడియున్నది. సోనిక్ యూత్ వారు ఈ దారిని విడుచుటకు సిద్ధాంతముకంటె పేదరికము ముఖ్యకారణము. వారికి ఆనాడు దొరికినవి చౌకబారు గిటారులు. సరియైన శ్రుతికి బిగించినచో అవి నిలువవు. నిలువని శ్రుతికై పెనగులాడుటకంటె, ఆ వాద్యము ఏ శ్రుతిలో చక్కగా మ్రోగునో కనుగొని ఆ శ్రుతికే పాట కట్టుట మేలని వారు తలచిరి. ఒక గిటారునకు సన్నతీగ ఉండవలసినచోట లావుతీగ కట్టిరి. ఒకదానిలో రెండు మూడు తీగలను ఒకే స్వరమునకు, కొన్నిమార్లు దానికి వెండ్రుకవాసి తేడాతో బిగించిరి. మరియొకదాని తీగల క్రింద స్క్రూడ్రైవరు దూర్చిరి; డ్రమ్ము వాయించు పుల్లతో తీగలను కొట్టిరి. వెండ్రుకవాసి తేడా గల రెండు తీగలు కలసి మ్రోగునప్పుడు ధ్వని నిలుకడగ నుండక అలలుగ హెచ్చి తగ్గుచుండును. మనవారు తంబురా శ్రుతి చేయునప్పుడు ఆ అల అణగువరకు బిరడ త్రిప్పుదురు. వీరు ఆ అలను అట్లే ఉండనిచ్చి, దానిని పాటలో ఒక పాత్రగ గైకొనిరి.

ఇందు వింత యేమియని మనము అడుగవచ్చును. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఐరోపా వాద్యమైన వయొలిన్‌ను బాలస్వామి దీక్షితులు మొదలగువారు చేతబట్టినప్పుడు మన దేశమున జరిగినది ఇదియే గదా! పాశ్చాత్యులు ఆ నాలుగు తీగలను ఒకదానికొకటి పంచమాంతరమున బిగించి, నిలువబడియో కుర్చీలో కూర్చుండియో వాయింతురు. మనవారు షడ్జ పంచమములు, మరల షడ్జ పంచమములుగ బిగించి, నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించిరి. ఇక దానిపై గమకమునకు చోటు దొరకెను. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను విన్నవారు అది పరాయి వాద్యమని అందురా? శ్రుతి మార్చుట యనగా వాద్యమునే మార్చుట. కాని ఒక తేడా కలదు. మనవారు మార్చిన శ్రుతి అందరికి ఒకటే యయ్యెను. గురువునుండి శిష్యునకు, శిష్యునినుండి ప్రశిష్యునకు సంక్రమించెను. ఒక వయొలిన్ పగిలినచో వేరొకటి తెచ్చుకొందుము. రనాల్డో బృందమువారి శ్రుతులట్లు గాదు. పాటకొక శ్రుతి, శ్రుతికొక గిటారు. ఒక్కొక్క గిటారు తన లోపముతో, తన గాయముతో కూడి ఒక్కొక్క పాటకు ఇల్లయ్యెను. ఆ ఇల్లు పోయిన పాటయు పోవును.

1999 జూలైలో అట్లే జరిగెను. కాలిఫోర్నియాలో కచేరీకి వెళ్ళినపుడు, రాత్రివేళ బసయెదుట నిలిపిన వారి సామానుబండిని దొంగలు బండితో సహా తోలుకొనిపోయిరి. గిటారులు, ఆంప్లిఫయరులు, ఏండ్ల తరబడి కూర్చుకొన్న చిన్నచిన్న పరికరములు సర్వము పోయెను. బజారులో క్రొత్త గిటారులు దొరకును; ధనము కూడ సమకూడును. కాని ఆ స్క్రూడ్రైవరు దెబ్బ తిన్న మెట్లు, ఆ వంగిన మెడ, ఆ తుప్పుతీగ ఎచ్చట కొనగలరు? వారి పాత పాటలలో కొన్ని పాడుటకే వీలులేనివైనవి. ధ్వనిముద్రణముల నడుమ బ్రతుకు వెళ్ళబుచ్చు మాకు, చెరిగిపోయిన టేపు అనగా నెట్టిదో తెలియును గావున, ఈ కథ చదివినప్పుడు గుండె కలుక్కుమన్నది. బృందమువారు మిగిలిన పాత గిటారులను, మూలబడిన వాద్యములను దులిపి తీసి, మరుసటి యేడు 'ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్' అను సంపుటమును వెలువరించిరి. దాని పేరిటిదైన పాట రనాల్డోదే. అది పాటకంటె మాటకు దగ్గర, వచనకవితవలె మెల్లగా మొదలై చివరకు గిటారుల ఉప్పెనలో మునుగును. పోయిన గిటారులలో కొన్ని అనేక సంవత్సరముల పిదప ఒకటొకటిగ తిరిగి వచ్చినవి. తప్పిపోయిన పిల్లలు పెద్దవారై ఇంటికి వచ్చినట్లు.

వీరు వాడిన గిటారులలో ఫెండర్ సంస్థవారు 1958లో బజారునకు తెచ్చిన 'జాజ్‌మాస్టర్' రకము ముఖ్యమైనది. వీరు కొనునాటికి దానిని అడుగువారు లేక చవుకగ దొరికెడిది. తీగలు ఆనియుండు గుర్రమునకు ఆవల కూడ అందు చాలినంత తీగ మిగిలియుండును. దానిని కొట్టినచో చిన్నగంటల వంటి నాదము వచ్చును. ఆ చోటు వాయించుటకై చేసినది గాదు. రనాల్డో దానిని వాయించెను. పిదప 2009లో అదే సంస్థవారు రనాల్డో పేరుతోనే ఒక గిటారును తయారుచేసి అమ్మిరి. చౌకసరుకు గౌరవసరుకగుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఇక ఆ కూత సంగతి. విద్యుద్గిటారులో తీగల క్రింద అయస్కాంతములు గల చిన్న పరికరముండును. తీగ కదలిక అందు విద్యుత్తుగ మారి, ఆంప్లిఫయరులో బలము పొంది, లౌడ్‌స్పీకరునుండి ధ్వనిగ వెలువడును. గిటారును లౌడ్‌స్పీకరు ముందు పట్టినచో ఆ ధ్వనియే తీగను మరల కదలించును. ఆ కదలిక మరల ధ్వనియగును. వాద్యకారుడు మీటకపోయినను తీగ ఆగదు. గిటారును కొంచెము ప్రక్కకు త్రిప్పినచో ఆ కూత ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు దుముకును. అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ 1968లో దీనితోనే 'పెండ్యులమ్ మ్యూజిక్' అను రచన చేసెను. లౌడ్‌స్పీకరులపై మైకులను వ్రేలాడదీసి ఊపి వదలుటయే ఆ రచన. ఊగుచున్న మైకు లౌడ్‌స్పీకరు మీదుగ పోయినప్పుడెల్ల ఒక కూత. ఊపు తగ్గినకొలది కూతలు దగ్గరపడి, మైకులు నిలిచిపోగానే అఖండమైన ఒక్క నాదముగ మిగులును. సోనిక్ యూత్ వారు జాన్ కేజ్ మొదలగు ప్రయోగసంగీతకర్తల రచనలను వాయించి 1999లో వెలువరించిన 'గుడ్‌బై ట్వెంటియత్ సెంచరీ' అను సంపుటమున ఈ రచనయు కలదు.

రనాల్డో మైకునకు బదులు గిటారునే త్రాటితో పైకప్పునుండి వ్రేలాడదీసెను. దానిని ఊపును, త్రిప్పును, కమానుతో రాయును, కర్రతో కొట్టును. అది ఊగుచు లౌడ్‌స్పీకరు దాపునకు వచ్చినప్పుడెల్ల తనంతట పలుకును. ఈ ప్రదర్శనములలో ఆయన భార్యయు చిత్రకారిణియు నగు లియా సింగర్ చలనచిత్రములను తెరపై ప్రదర్శించును. ఆ వెలుగులో ఊగు గిటారు నీడ గోడపై ఊగును. ఇది కచేరీయా, చిత్రకళయా యని నిర్ణయించుట కష్టము. ఇట్టి ఆలోచనకు పూర్వుడు లేకపోలేదు. చిత్రకళ చదివిన కీత్ రో అను ఆంగ్లేయుడు, 1965లో లండనులో ఏర్పడిన 'ఏఎమ్ఎమ్' అను బృందములో, గిటారును ఒడిలోనుండి దింపి బల్లపై పరుండబెట్టెను. జాక్సన్ పాలక్ అను చిత్రకారుడు వస్త్రఫలకమును నేలపై పరచి రంగులు చిలికినాడు గదా, గిటారు నేల పరచరాదా యని ఆయన తలంపు. అంతేకాదు, కచేరీ నడుమ ఒక రేడియోను తెరచి, ఆ క్షణమున గాలిలో ఏ ప్రసారము దొరకిన దానిని తన వాద్యములో కలుపుకొనెడివాడు. వార్తలు చదువుచున్న ఏ అనౌన్సరునకైనను తాను సంగీత కచేరీలో పాల్గొనుచున్న సంగతి తెలిసియుండదు.

సోనిక్ యూత్ రికార్డులలో ప్రసిద్ధమైనది 1988నాటి 'డేడ్రీమ్ నేషన్'. రెండు రికార్డుల సంపుటము. దాని యట్టపై గెర్హార్డ్ రిక్టర్ అను జర్మన్ చిత్రకారుడు చిత్రించిన వెలుగుచున్న కొవ్వొత్తి కలదు. లోపలి ధ్వనిని విన్న పిదప ఆ నిశ్చలదీపమును చూచినచో, ఇంత పెనుగాలిలో అది ఆరకుండుట యెట్లని ఆశ్చర్యము కలుగును. అందు మూడు పాటలు రనాల్డో పాడినవి. ఒకదాని మాటలకు యాండీ వార్‌హోల్ చలనచిత్రములోని ఒక నటుని స్వగతము ఆధారము. మరియొకదాని పేరులో, గిటారు శ్రుతులను పెక్కు విధముల మార్చి పాడిన గాయని జోనీ మిచెల్‌కు నమస్కారము కలదు. అదే సంపుటమున 'ప్రావిడెన్స్' అను చిన్న రచన మా రేడియోవారి దృష్టిని ప్రత్యేకముగ ఆకర్షించును. అందు పియానో ఒకటి, వేడెక్కి చెడిపోవుచున్న ఆంప్లిఫయరు హోరు ఒకటి, ఒక మిత్రుడు దూరపుటూరినుండి టెలిఫోనులో వదలిన సందేశములు. మా ఇంజనీరు మిత్రులు వినినచో వెంటనే తీగ ఊడబెరుకుదురు. అయినను దూరాననున్న మనిషి కంఠమునకు ఆ హోరు ఎంత దూరమును చేకూర్చినదో! శబ్దమును శుభ్రపరచుటయే పరమార్థమని తలచువారికి ఇది ఒక ప్రశ్న. ఈ సంపుటమును అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు భద్రపరుపదగిన ధ్వనిముద్రణముల 2005 సంవత్సరపు పట్టికలో చేర్చిరి.

ఆయన గీతలను చూతము. గ్రామఫోను రికార్డు పైనున్నదియు గాటే గదా. సూది ఆ గాటువెంట నడచుటచే పాట పుట్టుచున్నది. ముద్రణచిత్రకళ చదివినవానికి ఈ పోలిక తట్టకుండునా? 1987లో రనాల్డో తన పేరుతో ప్రకటించిన 'ఫ్రమ్ హియర్ టు ఇన్ఫినిటీ' అను రికార్డులో ప్రతి రచన చివర గాటును చక్రముగ మూసివేసిరి. సూది ఆ చక్రములో చిక్కి అక్కడక్కడే తిరుగుచు, శ్రోత లేచి ఎత్తువరకు ఆ ముక్కనే పలుకుచుండును. చమత్కారమే గాని, ఒకమారు విన్న పిదప మరల వినబుద్ధి పుట్టునని మేము చెప్పజాలము. దాని రెండవవైపున పాట లేదు. చెక్కిన బొమ్మ కలదు. పిదపికాలమున ఆయన పాత రికార్డులనే ముద్రణకు రేకులుగ వాడి, వానిపై సూదితో గీసి, సిరా పూసి, కాగితముపై అచ్చొత్తెను. వానికి 'బ్లాక్ నాయిస్' అని పేరిడెను. ఇది మా దృష్టిలో మొదటిదానికంటె గొప్పది. పాట గాట్లపై చేతిగాట్లు పడి, రెండును కలసి కాగితముమీద నల్లని వలయములైనవి. ఆ పాట ఇక వినబడదు, చూడబడును.

ఆయన బొమ్మలలో మాకు మిక్కిలి నచ్చినవి 'లాస్ట్ హైవే' అను వరుసలోనివి. వాద్యబృందముల బ్రతుకు బండిలోనే గడచును. కచేరీ ఒకటి రెండు గంటలు, ప్రయాణము పగలంతయు. ఆ ప్రయాణములో రనాల్డో కారు ముందుటద్దమునుండి కనబడు రహదారిని, పరుగెత్తుచున్న బండిలో కూర్చుండియే గీసెను. దారి, వంతెన, ఎదురువచ్చు లారీ, తీగల స్తంభములు, కొండ. బండి కుదుపునకు గీత వంకరపోవును. కంటికి కనబడినది చేతికి అందులోపల దాటిపోవును. మన చిత్రకారులు కొందరు రైలుపెట్టెలో కూర్చుండి గీసిన గీతలను చూచినవారికి ఆ తొందరలోని సొగసు తెలియును.

ఇతరుల కళతో ఆయన జతకట్టిన తీరును గమనింపదగినదే. రాబర్ట్ స్మిత్సన్ అను అమెరికా శిల్పి, ఊటా రాష్ట్రములోని గొప్ప ఉప్పుసరస్సులో మట్టిరాళ్ళతో చుట్టతిరిగిన కట్టను 1970లో నిర్మించినవాడు, 1973లో టెక్సాస్ రాష్ట్రమున వేరొక కట్టకు స్థలము చూచుచు విమానము కూలి మరణించెను. 'అమరిల్లో ర్యాంప్' అను ఆ కట్టను ఆయన భార్యయు మిత్రులును పూర్తిచేసిరి. రనాల్డో అదే పేరుతో ఆయన స్మృతికి ఒక దీర్ఘమైన గిటారు రచనను సమర్పించెను. 1998లో అది వెలువడెను. సుమారు అరగంటసేపు ధ్వని కొండవాలువలె మెల్లగా లేచును. పాట యనదగిన వరుస అందు లేదు. మట్టికట్టపై నడచుచున్నట్లు ఒక్కొక్క అడుగుగ వినవలెను. 2001లో ఆయన మరికొందరితో కలసి 'టెక్స్ట్ ఆఫ్ లైట్' అను బృందము నేర్పరచెను. ఆ పేరు స్టాన్ బ్రాకేజ్ 1974లో తీసిన చలనచిత్రమునుండి వచ్చినది. సిగరెట్టు బూడిద రాల్చుకొను గాజు పళ్ళెములోనుండి వెలుతురును చూచుచు తీసిన చిత్రమది. మాటలు లేవు, కథ లేదు. ఆ దర్శకుని చిత్రములు తెరపై ఆడుచుండగ ఈ బృందమువారు ఎదుట కూర్చుండి, చిత్రమునకు తాళము వేయక, తమ దారిన తాము వాయింతురు.

ఇక వ్రాత. 1980లలో సోనిక్ యూత్ ఊరూర తిరుగునప్పుడు రనాల్డో నోటుపుస్తకము విడువలేదు. ఆ దినచర్యలు, కవితలు, ఉత్తరములు 1998లో 'జర్నల్స్ ఎయిటీస్' అను పుస్తకముగ వచ్చినవి. జాక్ కెరోయాక్ మొదలగు అమెరికా సంచారరచయితల ప్రభావము ఆ వ్రాతపై స్పష్టము. 2007నాటి ఒక చిన్న పుస్తకములో, అడుగకయే కంప్యూటరులలో వచ్చిపడు ప్రకటనల ఉత్తరములలోని అర్థము లేని మాటలను ఏరి కవితలు కట్టెను. లౌడ్‌స్పీకరు కూతను పాటలో కలిపినవాడు చెత్తకాగితపు మాటను కవితలో కలుపుట ఆశ్చర్యము గాదు. గాని ఆ కవితలలో చాలభాగము తెలివి కనబడునే గాని తడి కనబడదు. దినచర్యయే మేలు. కవిగ కంటె గమనించువానిగ ఆయన కలము బలమైనది. ఈ లోటు ఆయనకు తెలియునో యేమో, 2017లో వెలువడిన 'ఎలక్ట్రిక్ ట్రిమ్' అను సంపుటములో పాటల మాటలకు జోనథన్ లెథెమ్ అను నవలాకారుని తోడు తెచ్చుకొనెను. మాటలు బాగుపడినవి.

రెండు పడవల మాట అడిగితిమి గదా. మనలో అడివి బాపిరాజుగారు చిత్రకారుడు, నవలాకారుడు, కవి, పాటగాడు. ఆయన ఏ కుంచె పట్టినను ఏ కలము పట్టినను లోని సౌందర్యస్వప్నము ఒకటే. పడవలు వేరైనను ఏరు ఒకటి. రనాల్డో యందు అట్టి స్వప్నము మాకు కానరాలేదు. ఆయనకు గలది ఒక అలవాటు: త్రోసివేసినదానిని, మీదనుండి తుడిచివేసినదానిని మరల చూచుట, మరల వినుట. పాడుగిటారు, మూసిన గాటు, దారిప్రక్క స్తంభము, హోరు. ఈ అలవాటు గీతలో ఎక్కువ ఫలించినది, గిటారులో అన్నింటికంటె ఎక్కువ ఫలించినది, కవితలో తక్కువ ఫలించినది. అంతయు సమానముగ పండినదని పొగడుట న్యాయము గాదు.

ఈ అలవాటునకు న్యూయార్కు నగరమే రెండుమారులు పరీక్ష పెట్టెను. సోనిక్ యూత్ వారి ధ్వనిముద్రణశాల మర్రే వీధిలో, ప్రపంచ వ్యాపారకేంద్రపు జంటగోపురములకు కొలదిదూరముననే యుండెను. 2001 సెప్టెంబరు 11న విమానములు ఆ గోపురములను ఢీకొన్నప్పుడు, ఒక విమానపు యంత్రభాగము ఎగిరి ఆ వీధిలోనే పడెను. మొదలుపెట్టిన సంపుటము కొంతకాలము నిలిచిపోయెను. అది పూర్తియై 2002లో వెలువడినప్పుడు దానికి 'మర్రే స్ట్రీట్' అని వీధి పేరే పెట్టిరి. అందులో ఆర్భాటపు విలాపము లేదు. రనాల్డో పాడిన పాట ఒకటి మాత్రము, పాట ముగిసిన పిదప చాలసేపు గిటారుల హోరుగ సాగి సాగి పలుచనగును.

రెండవది 2012 అక్టోబరు 29నాటి 'శాండీ' తుపాను. ఆ రాత్రి నగరపు దక్షిణభాగమున దీపములారి, రోజుల తరబడి విద్యుత్తు లేదు. రనాల్డో అచ్చటనే నివసించుచుండెను. ఎత్తైన భవనముల నడుమ దూరిన గాలి కిటికీలను, సందులను వాద్యములుగ చేసి ఊళపెట్టినది. కోస్తాజిల్లాల శ్రోతలకు ఆ ఊళను వర్ణించి చెప్పుట అనవసరము; తలుపు గడియలు పట్టుకొని రాత్రులు గడిపినవారు మీలో పెక్కురు. రనాల్డో ఆ గాలి స్వరములను ఆలకించి, వాని ఎత్తుపల్లములను స్వరలిపిలోనికి ఎక్కించి, బెర్లిను నగరపు 'కలైడోస్కోప్' అను తంత్రీవాద్యబృందము కొరకు 'హరికేన్ ట్రాన్స్‌క్రిప్షన్స్' అను రచన చేసెను. వయొలిన్లవారు, చెల్లోలవారు వరుసగ కూర్చుండి, కాగితము చూచుచు, ఆ తుపాను గాలిని వాయింతురు. విద్యుద్గిటారు నుండి ఆంప్లిఫయరు నుండి ఇంత దూరము వచ్చి, కమానుతో రాయు తీగయొద్దకు ఆయన చేరుట మాకు ముచ్చట గొలిపినది.

ఈయన సంగీతము వినగోరు శ్రోతలకు ఒక సలహా. 'డేడ్రీమ్ నేషన్'తో ఆరంభింపవలదు. ఇంటిలోని పెద్దలు రేడియోగ్రాముకు తాళము వేయుదురు. 2012లో వెలువడిన 'బిట్వీన్ ది టైమ్స్ అండ్ ది టైడ్స్' అను ఆయన స్వంత సంపుటము వరుసలతో, పల్లవులతో నిండినది. దానితో మొదలిడి మెల్లగా వెనుకకు పోవలెను. శబ్దము కొంచెము తగ్గించి, రాత్రి భోజనముల పిదప వినినచో తీగల అలలు బాగుగ తెలియును.

2020లో రనాల్డో స్పెయిను దేశీయుడైన రౌల్ రెఫ్రీతో కలసి 'నేమ్స్ ఆఫ్ నార్త్ ఎండ్ విమెన్' అను సంపుటము వెలువరించెను. అందు గిటారు చాలవరకు ప్రక్కకు తప్పుకొన్నది. మరింబా, వైబ్రఫోను మొదలగు కొట్టి వాయించు వాద్యములును, పాత టేపురికార్డరును ఆ స్థానమును పొందినవి. ఆ పేరు ఎట్లు వచ్చినదనగా, కెనడా దేశములోని విన్నిపెగ్ నగరమున నార్త్ ఎండ్ అను పేటలో ఆయన కాలినడకన తిరుగుచుండగ, వీధుల పేరుపలకలపై వరుసగ ఆడవారి పేర్లు కనబడినవి. ఇంటిపేర్లు లేవు, ఎవరో తెలియదు. ఆయన నిలిచి వానిని వ్రాసికొనెను.